ఆ మొదటి వంద పేజీలు: 'ద నేమ్ ఆఫ్ ద రోజ్'తో పదకొండేళ్లు

2014లో ఒక ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నాను దీన్ని. నూట ఇరవై రూపాయలు. ఆ తర్వాత నాలుగేళ్లు ఇది నన్ను ఓడిస్తూనే ఉంది. మొదటిసారి నలభయ్యో పేజీ దగ్గర మూసేశాను. 2016 ఫిబ్రవరిలో రచయిత ఉంబర్టో ఎకో పోయారని పేపర్లో చూసి మళ్లీ తీశాను, అరవై దాటాక మళ్లీ మూసేశాను. ఇప్పుడు ఎవరైనా మంచి మిస్టరీ నవల చెప్పమంటే ముందుగా నా నోటికొచ్చేది ఇదే. నన్ను రెండుసార్లు గుమ్మంలోంచే వెనక్కి పంపిన ఆ మొదటి వంద పేజీలే నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనవి. మధ్యలో ఏం జరిగిందో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

కథ గురించి ఎక్కువ చెప్పను. 1986లో వచ్చిన షాన్ కానరీ సినిమా వల్ల చాలామందికి తెలుసు. 1327 నవంబర్ చివరి రోజులు, ఉత్తర ఇటలీ కొండల్లో ఒక క్రైస్తవ మఠం, బయటివాళ్లను లోపలికి రానివ్వని గ్రంథాలయం, ఏడు రోజుల్లో వరస చావులు. ఆ చావుల విచారణ చేపట్టిన సన్యాసి విలియం, అతని వెంట వచ్చిన కుర్రవాడు అడ్సో. ముసలితనంలో ఆ అడ్సోనే మనకు ఇదంతా చెప్తాడు. నేను చదివింది విలియం వీవర్ చేసిన ఇంగ్లీషు అనువాదం.

ఇంత సరుకు చేతిలో పెట్టుకుని ఎకో ఏం చేస్తాడంటే, చర్చి వాకిలి మీద చెక్కిన శిల్పాలను పేజీల కొద్దీ వర్ణిస్తాడు. సింహాసనం మీద కూర్చున్న దేవుడు, చుట్టూ ఇరవైనలుగురు పెద్దలు, కింద పాములు, రాక్షసులు, రెక్కల జంతువులు. వాక్యం మొదలైతే ఆగదు. నేను పెరిగింది అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలల మీద. అరచేతిలో పట్టే సైజు, మొదటి పేజీలోనే శవం, రేపటికి తిరిగి ఇవ్వకపోతే ఇంకో అర్ధరూపాయి. గబగబా చదవడమే చదవడం అనుకునేదాన్ని. అలాంటిదాన్ని ఆ వాకిలి ముందు నిలబెడితే ఎంతసేపు నిలబడతాను?

2018లో సికింద్రాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. ఇల్లు కాజీపేటలో. పిల్లల స్కూల్ వల్ల మకాం మార్చడం కుదరలేదు. పోను రెండు గంటల పైన, రాను రెండు గంటల పైన రైల్లోనే. ఫోన్ చూసి చూసి విసుగొచ్చాక ఒకరోజు ఈ పుస్తకం బ్యాగులో పడేసుకున్నాను. సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే తలుపు పక్కన ఆనుకుని చదివేదాన్ని. తొందర అనే మాటే లేదు. బండి ఎలాగూ దాని టైముకి అది పోతుంది.

అప్పుడు అర్థమైంది. ఆ మఠంలో రోజును మనలాగ గంటలతో కొలవరు. ఎనిమిది ప్రార్థన వేళలు ఉంటాయి, నవల అధ్యాయాలకు కూడా అవే పేర్లు. తెల్లవారుజామున రెండున్నర, మూడు మధ్య మొదటి ప్రార్థన. సాయంత్రం ఆరింటికి చివరిది. ఏడు కాకముందే అందరూ పడుకోవాలి. ఏది జరిగినా ఆ ప్రార్థన వేళల సందుల్లో జరగాల్సిందే. నా రోజు కూడా అలాగే విడిపోయి ఉంది అప్పటికి: జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్. ఒక్కో స్టేషన్‌కి ఇన్ని పేజీలు. వారం తిరిగేసరికి ఆ వాకిలి దాటాను, కష్టపడి కాదు, మామూలుగా. మా అమ్మమ్మగారింట్లో పిడకల దాలి మీద పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, పైన మందంగా మీగడ తేలేవి. మంట కనపడేది కాదు. ఈ నవల కాగే తీరు నాకు అచ్చం అలాగే అనిపించింది.

తర్వాతెప్పుడో ఎకో ఈ నవల గురించి రాసిన చిన్న పుస్తకం దొరికింది. మొదటి వంద పేజీలు కష్టంగా ఉన్నాయి, తగ్గించమని స్నేహితులు, ప్రచురణకర్తలు అడిగారట. ఆయన ఒప్పుకోలేదు. మఠంలోకి వచ్చి ఏడు రోజులు ఉండాలనుకునేవాడు ఆ మఠం నడకకు అలవాటు పడాలి, లేకపోతే పుస్తకం పూర్తి చేయలేడు అన్నాడు. కొండ ఎక్కేవాడు ముందు ఊపిరి కుదురుచుకోవాలి కదా, అలాగట. నన్ను రెండుసార్లు బయటికి పంపింది ఏదో పొరపాటు కాదు, ఆయన కావాలనే అలా కట్టాడు అని తెలిసి కోపం రాలేదు, గౌరవం పెరిగింది.

అందులోనే ఇంకో సంగతి ఉంది. ఇద్దరు భోజనశాల నుంచి మఠం ప్రాంగణం దాకా మాట్లాడుకుంటూ నడిచే సందర్భం ఉంటే, ఎకో ప్లాను ముందు పెట్టుకుని రాసేవాడట. వాళ్లు అక్కడికి చేరేసరికి మాటలు ఆగిపోవాలి. పుస్తకం మొదట్లో మఠం ప్లాను వేసి ఉంటుంది. ఒకరోజు సాయంత్రం బండిలో ఆ పేజీ మీద వేలు పెట్టి, వాళ్లు నడిచే దారిలో వేలు జరుపుతూ సంభాషణ నెమ్మదిగా లోలోపల చదువుకున్నాను. నిజంగానే సరిపోయినట్టు అనిపించింది. అప్పటికే చలి, మంచు, కాళ్ల కింద జారే రాళ్లు అన్నీ నాకు తెలిసిపోయాయి. ఎవరైనా రాత్రి దీపం పట్టుకుని ఎటు పోతున్నారో పేరు చెప్పకపోయినా తెలిసేది. గుట్టంతా అక్కడే ఉంది. తర్వాత భయపెట్టడానికి ఎకోకి పెద్దగా ఏమీ చేయాల్సిన పని ఉండదు. తెలిసిన చోట ఒక తలుపు తెరిచి ఉంటే చాలు, గుండె దడ మొదలవుతుంది.

ఆ వంద పేజీల్లో పాతిపెట్టని విత్తనం లేదు. ఎవరు నవ్వకూడదంటున్నారు, ఎవరు మూలికల సంగతి చెప్తూ మధ్యలో ఆగిపోయారు, పందులు కోసే కాలం ఎందుకయింది. ఇవన్నీ ఊరికే నేపథ్యం అనుకుంటాం. రెండో రోజు తెల్లవారుజామున పందిరక్తం పోసిన జాడీలో తలకిందులుగా శవం కనపడుతుంది. ఆ జాడీ కావాలంటే పందులను కోయాలి, అది చలికాలంలోనే చేస్తారు. నవంబర్ కాస్త ముందవుతుందేమోనని మఠాన్ని కొండ మీదికి ఎక్కించాడట, అక్కడైతే మంచు తొందరగా పడుతుంది. 48 ఏళ్ల వయసులో, బొలోన్యా యూనివర్సిటీలో సంకేతశాస్త్రం చెప్పుకునే ప్రొఫెసర్ రాసిన మొదటి నవల ఇది.

నా మనసులో బాగా నిలిచిపోయిన సన్నివేశం కళ్లద్దాలది. విలియం దగ్గర ముక్కు మీద నిలబడే రెండు గాజు బిళ్లలు ఉంటాయి. ఆ కాలంలో చాలామంది చూసి ఉండరు. మొదటి రోజే రాతగదిలో అందరూ వింతగా చూస్తారు. యాభై దాటిన పండితులు ఎంతోమంది కళ్లు మసకబారి, చదువు రాత విషయంలో బతికుండగానే చచ్చిపోయినవాళ్లతో సమానం అయ్యారని విలియం చెప్తాడు. మొదటిసారి చదివినప్పుడు ఈ గాజుల గొడవంతా ఎందుకు అనుకున్నాను. 2018లో నాకు నలభై రెండు, అప్పుడే చత్వారం అద్దాలు వచ్చాయి. రెండో రోజు రాత్రి ఎవరో ఆ అద్దాలు ఎత్తుకుపోతారు. చనిపోయిన మనిషి రాసుకున్న గ్రీకు కాగితం విలియం చేతిలో ఉంటుంది. ఆధారం చేతిలో ఉంది, చదివే కళ్లు లేవు. కాగితాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూస్తాడు. అడ్సోకి కళ్లు ఉన్నాయి గానీ గ్రీకు రాదు. నాలుగో రోజు పొద్దున దాకా అలాగే గడుస్తుంది. ఇందులో కత్తి లేదు, పరుగు లేదు. ఆ రోజు ఆఫీసులో అద్దాలు మర్చిపోయి వచ్చాను. మసకగా ఆ పేజీలు చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువుతుంటే వచ్చిన టెన్షన్ నాకు ఏ హత్య సీన్లోనూ రాలేదు.

ఇక అసలు జరిగింది చెప్పాలి.

ఆరో రోజు రాత్రి. గ్రంథాలయంలో 56 గదులు, దాదాపు అన్నీ తిరిగారు. ఒక్క గదిలోకి మాత్రం దారి దొరకలేదు. దాని తాళం ఒక లాటిన్ పొడుపు మాట: నాలుగులో మొదటిది, ఏడోది. నాలుగింట్లో ఏడోది ఎలా ఉంటుంది? మూడు రోజులుగా విలియం బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు, నేను కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా బద్దలు కొట్టుకుంటున్నాను. అవధానాల్లో న్యస్తాక్షరి విన్నవాళ్లకు తట్టొచ్చు, అంతకంటే చెప్పను. గుర్రాల దగ్గర నిలబడి ఉండగా అడ్సో అనుకోకుండా ఒక మాట అంటాడు. విలియం పట్టేస్తాడు. ఇద్దరూ దీపం పట్టుకుని పైకి పరుగెడతారు, అద్దం ముందుకొస్తారు, తలుపు కదులుతుంది. బండి భువనగిరి దాటింది. పేజీ తిప్పాను.

వాక్యం కలవలేదు. నెంబరు చూశాను. పదహారు పేజీలు లేవు. సరిగ్గా ఒక ఫారం, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడతపెట్టే పేజీల కట్ట. బైండింగ్ జిగురు ఎప్పుడో ఎండిపోయి, నాకంటే ముందు ఎవరి ఇంట్లోనో రాలిపోయి ఉండాలి. నాలుగేళ్లుగా పుస్తకం నా దగ్గరే ఉన్నా నాకు తెలియదు, అంత దూరం ఎప్పుడూ రాలేదు కదా. తర్వాతి పేజీలో ఏదైనా పేరు కళ్లబడుతుందేమోనని చేత్తో మూసేసి పుస్తకం బ్యాగులో పెట్టేశాను. ఏడుపొచ్చినంత పనైంది. పక్క సీటామె ఏమైందమ్మా అని అడిగింది కూడా.

ఇంటర్నెట్‌లో వెతికితే ముగింపు అర నిమిషంలో దొరుకుతుంది. ఆ పని చేయదలుచుకోలేదు. కొత్త కాపీ ఆర్డర్ పెట్టాను, రెండుసార్లు వాయిదా పడి చివరికి క్యాన్సిల్ అయింది. బెంగళూరులో ఉన్న మా పెద్దనాన్న కొడుకు దగ్గర ఒకటుందని తెలిసింది, కానీ వాళ్లు ఇల్లు మారుతున్నారు, పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి. మొత్తం మూడు వారాలు. ఆ మూడు వారాలు నేను ఏం చేశానంటే, మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

ఈసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉన్నారో చివరి అట్ట లోపలి వైపు రాసుకున్నాను. ఇక్కడి నుంచి ఒక పేరా, నవల చదవాలనుకునేవాళ్లు దాటేయండి.

బైబిల్ చివరి గ్రంథం ప్రకటనలో ఏడు బూరలు ఉంటాయి. మొదటి బూర ఊదితే వడగళ్లు, రెండోదానికి నెత్తురు, మూడోదానికి నీళ్లు, నాలుగోదానికి సూర్యచంద్రులు, నక్షత్రాలు. మఠంలో చావులు కూడా ఆ వరసలోనే జరుగుతున్నాయని ఒక ముసలి సన్యాసి అంటాడు. విలియం ముందు నమ్మడు, తర్వాత మెల్లగా నమ్ముతాడు. నేనూ గీతలు గీసి పట్టిక వేసుకున్నాను. వరస అంతా అతికినట్టు సరిపోయింది. దాన్ని పట్టుకుని పోయి ఒక పేరు దగ్గర ఆగాను, దాని కింద రెండు గీతలు గీశాను. తీరా పేజీలు చేతికొచ్చాక చూస్తే, పేరు సరైందే. దాని దగ్గరికి నన్ను తీసుకెళ్లిన లెక్క మొత్తం తప్పు. బూరల వరస అనేదే లేదు. ఒకటి ఆత్మహత్య, ఒకటి ఇంకెవరో చేసింది, కొన్ని కాకతాళీయం. విలియంకి కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. తప్పు దారిలో నడిచి సరైన గుమ్మానికి చేరాడు. అది తెలిసినప్పుడు అతని ముఖంలో గెలుపు ఉండదు. ఆయన పక్కన కూర్చుని నేనూ ఓడిపోయినట్టే అనిపించింది. దీన్ని మోసం అనేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఒక డిటెక్టివ్ నవల చదివి ఇంత బాధ కలగడం అదే మొదలు. మూడు వారాలు ఆగకుండా గబగబా చదివేసి ఉంటే 'ఓహో' అనుకుని పక్కన పెట్టేదాన్నేమో.

ఆ పదహారు పేజీలకు సరిపోయే భాగాన్ని అన్నయ్య ఫోన్లో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. ఆయనది వేరే ముద్రణ, పేజీలు కలవలేదు, పద్దెనిమిది ఫొటోలయ్యాయి. ప్రింటు తీయించి, మైదా ఉడికించి ఆ జిగురుతో అంటించాను. ఇప్పటికీ ఆ చోట పుస్తకం ఉబ్బెత్తుగా ఉంటుంది. అతుకు దగ్గర మూడు లైన్లు రెండుసార్లు వస్తాయి. తీసేయడం మనసొప్పలేదు. ఒక మాట: వేలు నాలుకకు తడి చేసుకుని పేజీ తిప్పే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉండేది నాకు. ఆ పదహారు పేజీలు చదివిన రోజు నుంచి మానేశాను. చదివితే తెలుస్తుంది.

2021లో ఇంకోసారి చదివాను, ఈసారి ఇంట్లో. అప్పటికి హన్మకొండ వచ్చేశాను, రైలు లేదు. నిజం చెప్పాలి, అంత సాఫీగా సాగలేదు. వంట, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, మధ్యలో పది నిమిషాలు దొరికితే రెండు పేజీలు. ఆ నడక కుదరలేదు. మొదటి వంద పేజీలూ ఇష్టమన్నాను గానీ, ఈసారి మతభ్రష్టుల చరిత్ర వచ్చినచోట ఎవరు ఎవరి శిష్యుడో మళ్లీ తికమక పడ్డాను. ఐదో రోజు పోప్ పంపినవాళ్లకూ, పేదరికం వ్రతంగా పెట్టుకున్న ఫ్రాన్సిస్కన్ సన్యాసులకూ మధ్య క్రీస్తుకు ఆస్తి ఉందా లేదా అని పెద్ద వాదం జరుగుతుంది. అది నిజంగా ఆ కాలాన్ని కుదిపేసిన గొడవే, అవిన్యాన్‌లో ఉన్న పోప్ జాన్ 22కీ చక్రవర్తి లూయీకీ మధ్య అధికారం తగాదా అంతా దాని వెనకే ఉంది. అయినా ఈసారి ఆ అధ్యాయం దాటేశాను. లాటిన్ వాక్యాలు అర్థం చెప్పకుండా వదిలేయడం కూడా నెమ్మదితనం కిందికి రాదు. అది పాఠకుడిని బయట నిలబెట్టడమే. రైల్లో ఉన్నప్పుడు మంత్రంలాగ వినపడి బాగున్నాయి. ఇంట్లో చిరాకు తెప్పించాయి.

ఇంకొకటి, వయసు పెరిగే కొద్దీ ఎక్కువ గుచ్చుకునేది. ఇంత పెద్ద నవలలో కథలోకి వచ్చే ఆడమనిషి ఒక్కతే. ఆకలికి మఠం వంటింటికి వచ్చే పల్లెపిల్ల. ఆమెకు పేరు లేదు. అడ్సోకి ఆమె భాష అర్థం కాదు కాబట్టి మనకు ఆమె మాటలు దాదాపు వినపడవు. ఆమెను విచారణాధికారి బెర్నార్ గీ పట్టుకుంటాడు. ఇతను చరిత్రలో ఉన్న మనిషే, 1331 దాకా బతికాడు, అందుకే సినిమాలో జరిగినట్టు నవలలో ఇతనికి శిక్ష పడదు. సినిమాలో ఆ పిల్ల బతుకుతుంది. నవలలో ఆమెను తీసుకుపోతారు, ఇక ఆమె కాలిపోయిన మాంసమేనని విలియం అడ్సోకి చెప్తాడు. తర్వాత కథ పుస్తకాల వెంట పడిపోతుంది. పేరు కూడా అడగలేకపోయానని అడ్సో ముసలితనంలో బాధపడతాడు. ఎకోకి ఈ సంగతి తెలియకుండా రాయలేదని అర్థమవుతూనే ఉంటుంది. అయినా గ్రంథాలయంలో ఒక్కో గదికీ ఇచ్చినంత చోటు ఆ పిల్లకు ఇవ్వలేదన్న కష్టం నాకు పోలేదు. మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు తట్టకపోవడం కూడా బాధగానే ఉంది.

ఇది ఎవరికి నచ్చుతుందంటే గట్టిగా చెప్పలేను. నాకు రోజుకు నాలుగు గంటల పైన కూర్చునే తీరిక, దిగడానికి వీల్లేని బండి ఉండేవి కాబట్టి కుదిరింది. రాత్రి పడుకునే ముందు పది పేజీలు చదివేవాళ్లకు మొదటి రోజు దాటడం కష్టం అనుకుంటాను. సినిమా ముందు చూసినవాళ్లకు హంతకుడు తెలిసిపోయి ఉంటాడు, అయినా పెద్ద నష్టం లేదు. అసలు ప్రతి అధ్యాయం పైనా ఇందులో ఏం జరుగుతుందో ఎకో ముందే రెండు లైన్లలో చెప్పేస్తాడు, పురాణం చెప్పేవాళ్లు చెప్పినట్టు. కొంటే మాత్రం కొత్తది కొనండి. పాతదైతే పేజీ నెంబర్లు చివరిదాకా చూసుకుని కొనండి.

మా వదిన పోయిన నెల నా కాపీ తీసుకెళ్లింది. రోజూ బస్సులో పరకాల వెళ్లొస్తుంది. నిన్న ఫోన్ చేసి, గుర్రం తప్పిపోయిన సంగతి మంచులో అడుగులు చూసి చెప్పేస్తాడు చూడు, అది చాలా బాగుందని చెప్పింది. ఇప్పుడు ఎక్కడున్నావు అని అడిగాను. చర్చి వాకిలి దగ్గర, అంది.